పేరు పెట్టి పిలుద్దాం

ఆడవాళ్లకు పరుగు కొత్తా చెప్పండి? పాలు పొంగుతున్నాయని ఒక పరుగు, నల్లా ఆగిపోతుందని ఒక పరుగు, బస్సు వెళ్లిపోతోందని ఇంకో పరుగు! వీటికి పతకాలిచ్చేవాళ్లెవరూ లేరు గాని, పరుగు అనగానే ఈమధ్య నాకు దీప్తి గుర్తుకొస్తోంది.

జీవాంజి దీప్తి. ఊరు వరంగల్ జిల్లా కల్లెడ. మా నల్లగొండకు పొరుగు ప్రాంతమే. తల్లిదండ్రులది కూలి బతుకు. పిల్లకు మాట, గ్రహింపు కాస్త ఆలస్యం. ఇంకేం, ఊరికి నోరు లేచింది. పిచ్చిదన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమంలో వదిలెయ్యమని సలహా చెప్పినవాళ్లూ ఉన్నారు. పిల్ల ఏడుస్తూ ఇంటికొస్తే తీపి అన్నం వండిపెట్టేదాన్నని ఆ తల్లి తర్వాత చెప్పింది.

బడిలో వ్యాయామం నేర్పే మాస్టారు ఆమె పరుగు చూశారు. కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాదులో శిక్షణ ఇచ్చారు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో దీప్తి 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి, టి-20 విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. టి-20 అంటే క్రికెట్ అనుకునేరు! బుద్ధి వికాసంలో ఇబ్బంది ఉన్న క్రీడాకారుల విభాగమది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. బంగారానికీ ఆమెకూ మధ్య సెకను తేడా అయినా లేదు. అప్పటికింకా 21 ఏళ్లు నిండలేదు.

మా జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన పిల్లల్ని ఎన్నేళ్లు చూశాం! ఎముకలు వంచింది నీళ్లు. "కుంటిది" అని పిలిచింది మాత్రం మనుషులే. చక్కటి పేరున్న పిల్లను అలా పిలవడానికి ఎవరి నోరూ నొయ్యలేదు.

మా వీధిలో ఒకావిడ, మాట సరిగా రాని కూతుర్ని పేరంటాలకు తీసుకురాదు. అడిగితే, "ఎందుకొదినా, అందరు అదోతీరుగ చూస్తరు" అంటుంది. మొన్న దీప్తి సంగతంతా చెప్పాను. ఆవిడ పతకం గురించి అడగలేదు, డబ్బెంత వచ్చిందనీ అడగలేదు. కాసేపు ఊరుకుని, "వాళ్లమ్మ పిల్లను ఎక్కడికీ పంపలేదు గదా!" అంది.

నాకు గొంతు పెగల్లేదు. పతకాలు అందరి పిల్లలకూ వస్తాయా? రాకపోతేనేం, ఇంట్లో తీపి అన్నం, వాకిట్లో నలుగురితో పాటు చోటు, ప్రతి పిల్లకూ దక్కాల్సినవేగా!

వచ్చే శుక్రవారం మా ఇంట్లో పేరంటం. నిన్న వెళ్లి తల్లికి బొట్టు పెట్టాను. తర్వాత కూతుర్ని పేరు పెట్టి పిలిచి, దానికీ పెట్టాను.