పివిష్మి

పోలిష్ భాషలో "మేం తాగాం" అనడానికి రెండు మాటలున్నాయి. తాగినవాళ్ళందరూ ఆడవాళ్ళయితే "పివిష్మి". వాళ్ళలో ఒక్క మగవాడున్నా "పిలిష్మి". పదిమంది స్త్రీలు కూర్చున్న బల్ల దగ్గరికి ఒక అబ్బాయి వచ్చి కుర్చీ లాక్కున్నాడంటే క్రియాపదం మారిపోతుంది. బహువచనంలో మగవాళ్ళకొక రూపం; స్త్రీలకు, పిల్లలకు, పిల్లులకు, కుర్చీలకు కలిపి మరొక రూపం. చిన్నయసూరి మహత్తులూ అమహత్తులూ చదువుకుని వెళ్ళినదాన్ని కనుక నాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు. మన దగ్గర ఆ పని ఏకవచనంలోనే జరిగిపోయింది కదా: ఆమె వచ్చింది, గేదె వచ్చింది, వాన వచ్చింది. బహువచనంలో మాత్రం దయతలచి మనల్ని మనుషుల్లో కలిపారు. వాళ్ళు ఏకవచనంలో స్త్రీకి సొంత రూపం ఇచ్చి, బహువచనానికి వచ్చేసరికి వెనక్కి తీసుకున్నారు.

ఇది నాకు భాషా తరగతిలో తెలియలేదు, బీరు దుకాణంలో తెలిసింది. 2023 అక్టోబరు నుంచి 2024 మే దాకా ఒక ఫెలోషిప్ మీద వ్రోత్స్వాఫ్‌లో ఉన్నాను. ఓద్రా నది పాయలు, దీవులు, వాటిమీద వందకు పైగా వంతెనలు ఉన్న నగరం. 1945 వరకు దాని పేరు బ్రెస్లావ్, జర్మన్ల నగరం. యుద్ధం తర్వాత సరిహద్దులు జరిపి, జర్మన్లను వెళ్ళగొట్టి, పోలండ్ కోల్పోయిన తూర్పు ప్రాంతాల నుంచి ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను తెచ్చి ఇక్కడ నింపారు. పగలంతా గ్రంథాలయంలో గడిచిపోయేది. చలికాలంలో నాలుగు గంటలకే చీకటి పడితే ఏం చెయ్యాలో తోచేది కాదు. అక్కడ పరిచయమైన నలుగురు పరిశోధక విద్యార్థినులు ఒక గురువారం నన్ను క్రాఫ్ట్ బీరు దుకాణానికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత గురువారాలు అలవాటయ్యాయి.

నల్లబల్ల మీద సుద్దతో పదహారు పేర్లు. గోడకు పదహారు కుళాయిలు. ఒక్కో పేరు పక్కన ఎక్కడ కాచారో, ఎంత చిక్కనో, ఎంత చేదో, ఆల్కహాలు ఎంత శాతమో రాసి ఉంటుంది. అక్కడ ఇది పాత ఆచారమేమీ కాదు. 2011లో పింటా అనే చిన్న సంస్థ "అతాక్ ఖ్మ్యేలు" పేరుతో అమెరికన్ తరహా చేదు బీరు తెచ్చింది. ఆ పేరుకు "హాప్స్ దాడి" అని అర్థం. పోలండ్‌లో క్రాఫ్ట్ బీరు విప్లవం అక్కడే మొదలైందని అందరూ చెబుతారు. అంతకుముందు దుకాణాల్లో ఎక్కువగా పెద్ద కంపెనీల లేత పసుపు బీర్లే. విప్లవం అన్న మాటను అక్కడ బీరుకు ఎంత తేలిగ్గా వాడతారో చూసి నాకు నవ్వొచ్చింది. మనకు ఆ మాట అంత తేలికైంది కాదు.

మొదటి గురువారమే, మరో దుకాణంలో, బీరు తెచ్చే కుర్రాడు నన్ను "రసంతో కావాలా?" అని అడిగాడు. కోరిందపండు పాకం కలిపిన బీరు, పైన ఒక గొట్టం. అది ఆడవాళ్ళ బీరట. పక్క బల్ల దగ్గరి మగవాళ్ళను అతను అలా అడగలేదు. క్రాఫ్ట్ బీరు రసికులకు ఆ పాకం బీరంటే ఎంత హేళనో! నాకు ఆ హేళన కూడా నచ్చలేదు. మా బృందంలో ఒకమ్మాయి తల్లి నలభై ఏళ్ళు ఫాక్టరీలో పనిచేసి, ఆదివారాలు తోటి కార్మికురాళ్ళతో కూర్చుని ఆ ఎర్రటి బీరే తాగేదట. ఆమె ఇష్టాన్ని వెక్కిరించడానికి ఈ గడ్డాల కుర్రాళ్ళెవరు? తీపి తక్కువజాతి రుచి, చేదు పెద్దమనిషి రుచి అని ఎవరు తేల్చారు?

నాకు నచ్చింది గ్రొజిస్క్యే. పోజ్నాన్ దగ్గరి గ్రొజిస్క్ అనే పట్టణం బీరు. మొలకెత్తించిన గోధుమలను ఓక్ కట్టెల పొగ మీద ఆరబెట్టి చేస్తారు. ఆల్కహాలు మూడు శాతానికి అటూఇటూ. గ్లాసు దగ్గరికి తీసుకుంటే కట్టెల పొయ్యి ఉన్న వంటింట్లో పొగచూరిన దూలం వాసన. అమ్మమ్మ చీర కొంగు వాసన అన్నా తప్పులేదు. 1993లో అక్కడి కార్ఖానా మూతపడి ఆ బీరు ఆగిపోతే, ఇళ్ళలో బీరు కాచుకునే ఔత్సాహికులు ఆ పద్ధతిని కాపాడారు. 2015లో గ్రొజిస్క్‌లోనే మళ్ళీ కాయడం మొదలైంది.

పోయినవాటిని తిరిగి తెచ్చుకోవడం ఈ క్రాఫ్ట్ బీరు ప్రపంచానికి పెద్ద సరదా. వ్రోత్స్వాఫ్‌లో 2014లో మొదలైన స్తు మోస్తుఫ్ వాళ్ళు (పేరుకు అర్థం "వంద వంతెనలు") ష్యోప్స్ అనే పాత గోధుమ బీరును మళ్ళీ కాచారు. 16వ శతాబ్దంలో బ్రెస్లావ్‌కు పేరు తెచ్చిన బీరది. ష్యోప్స్ అంటే జర్మన్‌లో విత్తులు కొట్టిన పొట్టేలు. మగతనం గురించి అంత మాట్లాడుకునే బల్లల మీద ఆ పేరు గల బీరు ఉండటం నాకు భలే ఇష్టం. అదలా ఉంచితే, వెళ్ళగొట్టినవాళ్ళ బీరును వచ్చి చేరినవాళ్ళ మనవలు తమ నగర వారసత్వంగా కాస్తున్నారు. ఇందులో దొంగతనం లేదు, ఒక రకమైన రాజీ ఉంది. గురువారాల్లో దీని మీద చాలాసేపు వాదించుకునేవాళ్ళం.

మరి ఈ తిరిగి తెచ్చుకోవడంలో ఆడవాళ్ళు ఎక్కడ? నగర బీరు చరిత్ర అడిగితే అందరూ మొదట చెప్పేది 'బీరు యుద్ధం'. పాత నగరసభ భవనం కింద పివ్నిత్సా ష్విద్నిత్స్కా అనే ప్రసిద్ధ నేలమాళిగ ఉంది. ష్విద్నిత్సా పట్టణం నుంచి వచ్చే బీరు వల్లనే దానికాపేరు. ఆ బీరు అమ్ముకునే హక్కు నగరసభది. 1380లో లెగ్నిత్సా ప్రభువు చర్చి పెద్దల్లో ఒకడైన తన తమ్ముడికి కొన్ని పీపాలు పంపితే నగరసభ పట్టేసుకుంది. చర్చి నగరంలో ప్రార్థనలు ఆపేసింది. 1381లో రాజు వచ్చి ప్రార్థనలు జరపమంటే వినలేదని మతపెద్దల ఇళ్ళు దోపిడీ చేయించాడు. 1382లో గానీ రాజీ కుదరలేదు. ప్రభువు, నగరసభ, చర్చి, రాజు... కథ రసవత్తరంగానే ఉంటుంది. ఆ పీపాల్లోని బీరు ఎవరు కాచారో మాత్రం ఎవరూ చెప్పరు.

బీరు కాయడాన్ని పోలిష్‌లో "వాజిచ్" అంటారు. అసలు అర్థం ఉడికించడం. కూరగాయలకు వాడే మాట కూడా ఆ ధాతువులోంచే వచ్చింది. అది వంటింటి మాట. వంటింట్లోంచి ఆ పని ఎలా జారిపోయిందో ఇంగ్లండ్ విషయంలో జుడిత్ బెన్నెట్ 1996లో రాసిన పుస్తకం చూపిస్తుంది. 1300 ప్రాంతంలో ఇంట్లో కాచి ఇరుగుపొరుగుకు అమ్మినవాళ్ళు ఎక్కువగా స్త్రీలే. హాప్స్ వేసిన బీరు ఎక్కువకాలం నిలవ ఉంటుంది కనుక పెద్ద ఎత్తున కాయవచ్చు, దూరం పంపవచ్చు. దానికి పెట్టుబడి కావాలి, అప్పు పుట్టాలి, వృత్తి సంఘంలో స్థానం ఉండాలి. 1600 నాటికి ఆ పని మగవాళ్ళదైపోయింది. లాభం వచ్చేదాకా అది వంట, లాభం వచ్చాక వ్యాపారం. పచ్చళ్ళ విషయంలో మనం చూస్తున్నది ఇదే కదా.

ఆ హాప్స్ సంగతి ఇంకా తమాషా. బీరులో వేసేది ఆడ మొక్క పూలగుత్తులే. గింజ పడకూడదని మగ మొక్కలను తోట దరిదాపుల్లో ఉండనివ్వరు. పోలండ్ సొంత రకాల పేర్లు మారిన్కా, సిబిల్లా. పేర్లుగా, ముడిసరుకుగా ఆడతనం కావాలి. 2016లో వార్సాలో ఒక సంస్థ ఒక మోడల్ యోని నుంచి సేకరించిన బాక్టీరియాతో పుల్లబీరు చేస్తామని ఇంటర్నెట్‌లో చందాలడిగింది. 'స్త్రీ సారం' అట! దీని మీద ఇంతకంటే రాయడం కాగితం దండగ.

మా బల్ల దగ్గరికి ఒకతను తరచూ వచ్చేవాడు. హాప్స్ గురించి అడగకుండానే చెప్పేవాడు. చెడ్డవాడేం కాదు, నిజంగా బాగా తెలుసు. అతను కూర్చోగానే మా మాటలన్నీ "పిలిష్మి"లోకి మారేవి, ఎవరూ గమనించకుండానే. ఒల్గా తొకార్చుక్ 2022 నవల "ఎంపుజ్యోన్"లో, ఈ ప్రాంతపు కొండల్లోనే, 1913లో, క్షయరోగుల వసతిగృహంలో మగవాళ్ళు ఘాటైన మద్యం తాగుతూ స్త్రీల మెదడు గురించి, ఆత్మ గురించి తీర్మానాలు చేస్తుంటారు. ఆ మాటలన్నీ ప్రసిద్ధ రచయితల రాతల్లోంచి తీసుకున్నవేనని రచయిత్రి చివర చెప్పింది. మా అతిథి అంత దూరం పోలేదు. మద్యం ఉన్న బల్ల దగ్గర మాటకు యజమాని ఎవరన్న ప్రశ్న మాత్రం అదే.

ఇదంతా రాస్తున్న నాకు ఇంకో బరువుంది. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో రాజుకున్నది మా ఊరిదాకా వచ్చినప్పుడు నాకు నాలుగేళ్ళు. అక్షరాస్యత తరగతిలో సీతమ్మ కథ చదివిన ఆడవాళ్ళలో మా అమ్మ ఒకతి. సారా పాకెట్ల గోనెసంచిని కాలవలో పారబోసినవాళ్ళలో కూడా. ప్రభుత్వమే "వారుణి వాహిని" అని పేరుపెట్టి ఊరూరికీ పంపిన సారా అది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో పోయింది. ఆ తల్లి కూతురు పదహారు కుళాయిల ముందు కూర్చుని చేదు ఎంతో లెక్కపెడుతోంది.

గురువారపు స్నేహితురాళ్ళకు ఈ కథ చెప్పినప్పుడు నేననుకున్నట్టు ఎవరూ ఇబ్బందిపడలేదు. చరిత్ర విద్యార్థిని ఒకామె "ప్రొపినాత్స్యా" అంది. పాత పోలండ్‌లో తన ఎస్టేట్‌లో మద్యం కాచి అమ్మే హక్కు భూస్వామికే ఉండేది. రైతులు ఆ దొర సత్రంలోనే తాగాలి, ఇంకెక్కడా కొనకూడదు. సత్రాన్ని ఎక్కువగా యూదు కుటుంబాలకు కౌలుకిచ్చేవారు. లాభం దొరకు, రైతుల కోపం యూదులకు. వినగానే నాకు మా వేలంపాటలు, కాంట్రాక్టర్లు, కూలి డబ్బుల్లో సారా బాకీ కోసుకోవడం కళ్ళముందు కదిలాయి. అమ్మ పోరాడింది బార్లీ గింజ మీద, రుచి మీద కాదని చెప్పడానికి నాకు అంతకంటే మంచి మాట దొరకలేదు.

ఈ వ్యాసం మొదటి ప్రతి చదివిన కరీంనగర్ స్నేహితురాలు ఊరుకోలేదు. "మీ అమ్మలు సారా దుకాణాలు బంద్ పెట్టించిన్రు, మంచిగైంది. గని నాట్లేసి వచ్చి మా నాయినమ్మ తాగిన కల్లు ముంత నీ లెక్కల యాడుంది? ఆడది తాగుడు అంటే నువ్వు పోలండ్ దాకా పోవాల్నా?" అంది. ఆమె అన్నది న్యాయం. కల్లు తాగే ఆడవాళ్ళు మనకు కొత్త కాదు. వాళ్ళు రాసే కులాల్లో లేరు. చదువుకున్న ఆడది బీరు తాగితే తిరుగుబాటు, కూలి ఆడది కల్లు తాగితే అలవాటు అన్న తేడా మన స్త్రీవాద రచనల్లో కూడా దొర్లుతూనే ఉంది. ఆ నాయినమ్మ కథ రాయవలసింది నేను కాదు, తనే. రాయమని వెంటపడుతున్నాను.

వెనక్కి వచ్చేముందు ఒక చిన్న కార్ఖానా చూడటానికి వెళ్ళాను. కాసేది ముప్ఫై ఏళ్ళమ్మాయి. రబ్బరు బూట్లు, చేతిలో పార, పెద్ద పాత్రలోంచి ఉడికిన బార్లీ పిప్పి తోడుతోంది. ఆ పిప్పి దగ్గరి రైతు పశువులకు పట్టుకెళతాడట. కాసే మగవాణ్ణి "పివోవార్" అంటారు. ఆమె తనను "పివోవార్కా" అని చెప్పుకుంది. ఈ "-కా" మీద అక్కడ పెద్ద రగడ. చిన్నచూపుగా ఉంటుందని కొందరు, వస్తువులా వినిపిస్తుందని కొందరు. "ద్రుకార్కా" అంటే అచ్చువేసే స్త్రీ కావాలి, జనానికి ప్రింటర్ యంత్రం గుర్తొస్తుంది. స్త్రీవాచకం వాడాలా వద్దా అన్నది మాట్లాడేవాళ్ళకే వదిలెయ్యాలని 2019లో పోలిష్ భాషా మండలి చెప్పింది. ఆమె ఉద్యోగ పత్రంలో మాత్రం "పివోవార్" అనే ఉందట.

ఆ రాత్రి ఫోన్లో అమ్మకు ఇదంతా చెప్పాను. బీరు రుచి గురించి, స్త్రీవాచకం గురించి అమ్మ ఏమీ అడగలేదు. "అవున్మే, ఆ పిల్లకి జీతం ఎంతంట? నెలనెలా సక్రమంగా ఇస్తన్నారా?" అంది. మర్నాడు ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టి అడిగాను. ఎంతో చెప్పింది, నెలనెలా వస్తుందనీ చెప్పింది. పక్కన పనిచేసే మగవాడికి ఎంతిస్తారో తెలియదని, జీతాల సంగతి ఒకరినొకరు అడగడం తమ దగ్గర మర్యాద కాదని కూడా రాసింది. అమ్మకు ఆ చివరి మాటే ముందు చెప్పాను.