అడయారు మీద పడవలు

మేము చేసేది గుమాస్తా పని. చదువు మెట్రిక్యులేషనుతో ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఒక ప్రైవేటు కంపెనీలో కాగితాల కట్టలు విప్పడం, కట్టడం, వచ్చినవారితో అరవంలో మాట్లాడి పంపడం, ఇంటికి వచ్చి తెలుగులో నిట్టూర్చడం, ఇదీ మా జీవితం. ఏ కాగితంమీద ఎవరు ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు వేసి అందివ్వడంలో మాకు ఆఫీసులో మంచి పేరే ఉన్నది. వేల సంతకాలు పెట్టించిన మాకు ఒక్క సంతకం పెట్టడానికి పదిహేను రోజులు పట్టిందంటే మీరు నవ్వుతారు. అయినా ఆ సంగతి మన పత్రికలో చెప్పుకుంటే తప్పులేదనిపించింది. ఇటువంటి కాగితం ఏదో ఒక రోజున మనలో ప్రతి తల్లికీ తండ్రికీ ఎదురుకాక తప్పదు గదా!

2025 మార్చి నెల మధ్యలో ఒక సాయంకాలం మా అమ్మాయి కాగితం తెచ్చి మా ముందు పెట్టింది. అది కాలేజీలో రెండో ఏడు చదువుతున్నది. కాలేజీ తరఫున కొందరు ఆడపిల్లలకు అడయారు నదిలో పడవ నడపడం నేర్పుతారట. అది పడవ షికారు కాదు, పందేల పడవ. తల్లిదండ్రుల అంగీకారం కావాలి. కాగితం చివర, ఏదైనా ప్రమాదం జరిగితే బాధ్యత మాదేనని ఒక వాక్యం. దాని కింద మా అమ్మాయి పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు వేసి తెచ్చింది.

"నాన్నా, ఇక్కడ" అన్నది.

ఆ ఒక్క వాక్యాన్నీ మేము నాలుగుసార్లు చదివాము. చదివి, కాగితం మడిచి పంచాంగంలో పెట్టి, "చూద్దాం లే" అన్నాము. ఆఫీసులో "చూద్దాం" అంటే అర్థమేమిటో మా అమ్మాయికి మేమే ఎన్నోసార్లు చెప్పి ఉన్నాము. అది ఇంకేమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

మా సంకోచానికి కారణం చెప్పాలి. 2015లో మేము సైదాపేటలో, అడయారుకు దగ్గరగా, కింది భాగంలో అద్దెకు ఉండేవాళ్ళము. ఆ ఏడు డిసెంబరు 1వ తేదీ రాత్రి చెంబరంబాక్కం చెరువునుంచి వదిలిన నీళ్ళు సెకనుకు 29 వేల ఘనపుటడుగులట. ఆ లెక్క తరువాత పత్రికల్లో చదివాము. ఆ రాత్రి మాకు తెలిసిన లెక్క మాత్రం మేడమెట్లే. మొదట ఒక మెట్టు మునిగింది. దీపం పట్టుకుని చూస్తుండగానే మూడు, తరువాత ఏడు. పదేళ్ళ పిల్లను భుజాన వేసుకుని, అమ్మను చెయ్యిపట్టుకుని పై మేడకు చేరాము. మా ఆవిడ పెళ్ళిచీరలు, రేషను కార్డు, గోడమీది తాతగారి పటం, అన్నీ నీళ్ళపాలయ్యాయి. ఆ తరువాత అదే పేటలో రెండో అంతస్తులో ఇల్లు చూసుకున్నాము. బస్సు వంతెన దాటుతున్నప్పుడు ఇప్పటికీ మేము నదివైపు తల తిప్పము. అటువంటి నదిలోకి పిల్లను పంపమంటే చెయ్యి ఎట్లా ఆడుతుంది?

ఈ మాటే మా అమ్మ దగ్గర అన్నాము. ఆమె మమ్మల్ని బలపరుస్తుందనుకున్నాము. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండా, "ఏందిరా నువ్వు చెప్పేది? మీ నాయనమ్మ ఈ ఊరికి రైల్లో వచ్చిందనుకున్నావా?" అన్నది.

మా నాయనమ్మ పుట్టిల్లు సూళ్ళూరుపేట వైపు. మా తాతగారికి ఇక్కడ కట్టెల అడితి ఉండేది. శ్రీహరికోట అడవుల కట్టెలు బకింగ్‌హాం కాలువమీదనే మదరాసుకు వచ్చేవి. పెళ్ళయి కాపరానికి వచ్చే పిల్లను కూడా ఆ కట్టెల పడవమీదనే ఎక్కించి పంపారట. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ. అదీ సాగకపోతే మనుషులు గట్టుమీద తాడు పట్టుకుని లాగుకుంటూ నడిచేవారు. పులికాటు సరస్సు దాటి బేసిన్ బ్రిడ్జి దగ్గర దిగేటప్పటికి మా నాయనమ్మ ఏడుపు మానేసి సరంగును "ఇంకా ఎంత లోతు, ఇంకా ఎంత దూరం" అని ప్రశ్నలు వేస్తున్నదట. మాకు ఈ కథ తెలియనిది కాదు. కాని వరద వచ్చిన తరువాత ఎందుకో మేము దానిని మరచిపోయాము.

"నీళ్ళు మన ఇల్లు ముంచినమాట నిజమే. మనల్ని ఈ ఊరు చేర్చిందీ నీళ్ళే గదరా" అన్నది అమ్మ. అని చేట దులుపుకుని లేచిపోయింది.

గుమాస్తాకు సందేహం వస్తే ఫైలు తీస్తాడు. మేమూ అదే చేశాము. తెలిసినవారిని అడిగి, దొరికినవి చదివి, వారం రోజులలో కొంత సంగతి పోగుచేశాము.

మన ఊళ్ళో పడవ పందేల ముచ్చట ఈనాటిది కాదు. అడయారు ఒడ్డున ఉన్న మద్రాస్ బోట్ క్లబ్బు 1867లో పుట్టింది. అంటే ధాత కరువుకన్నా ముందు. 1877-78లో, ఆ కరువులో తిండిలేనివారికి పని కల్పించడానికే కూవం నదికీ అడయారుకూ మధ్య సుమారు 8 కిలోమీటర్ల కాలువ తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టారు. తరువాత ఉత్తరాన కృష్ణా డెల్టా కాలువలదాకా పోయే మార్గమంతటికీ అదే పేరు నిలిచింది. ఒకే నదిమీద దొరలు సరదాకు తెడ్డు వేసేవారు. మనవాళ్ళు పొట్టకూటికి గెడ వేసేవారు. 1960 తరువాత వచ్చిన తుపానులకు కాలువ దెబ్బతిన్నది, సరుకు లారీలకెక్కింది. ఊళ్ళో ఆ కాలువమీద ఇప్పుడు రైలు స్తంభాలు నిలిచి ఉన్నాయి. గెడ పోయింది, తెడ్డు మిగిలింది.

మదరాసుకూ కొలంబోకూ పడవ పందెం 1898లో మొదలయింది. ఒక సారి మన అడయారులో అయితే, ఇంకొక సారి కొలంబోలోని బేరా సరస్సులో. మగవారు గెలిస్తే ఇచ్చే బహుమతి పేరు దీపం ట్రోఫీ. ఆడవారిది అడయార్ ట్రోఫీ. మన ఏటి పేరుతో ఆడపిల్లలకు ఒక బహుమతి ఉన్నదని, ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండీ, మాకు తెలియనే తెలియదు. ఒలింపిక్ పోటీలలో ఆడవారి పడవ పందేలు 1976లో మాంట్రియల్‌లో గాని మొదలు కాలేదు. అప్పుడు కూడా వారికి పెట్టిన దూరం 1000 మీటర్లే, మగవారి దూరంలో సగం. 1988లో సియోల్‌లో ఇద్దరికీ 2000 మీటర్లు చేశారు. మన దేశానికి ఆసియా క్రీడలలో ఈ పందెంలో మొదటి బంగారు పతకం తెచ్చిన బజరంగ్‌లాల్ తఖర్ నీళ్ళకు కరువున్న రాజస్థాన్ మనిషి. అది 2010 నాటి మాట. ఎడారి మనిషి తెడ్డు పట్టగా లేనిది, ఏటి ఒడ్డు మనుషులమైన మేము వెనకాడుతున్నాము!

ఇక పడవ సంగతి. ఒక్కరు నడిపేది 14 కిలోలట. అంటే మన వంటింటి సిలిండరులోని గ్యాసు బరువే. ఎనిమిదిమంది కూర్చునేది అరవై అడుగుల దాకా పొడవుంటుంది; వెడల్పు మాత్రం మనిషి కూర్చునేటంత. కూర్చునే పీట చక్రాలమీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది గనుక, బలమంతా చేతులది కాదు, కాళ్ళది.

ఇంత ఫైలు తయారైనా మనస్సు ఒప్పుకోలేదు. ఒక ఆదివారం తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా కొట్టూరుపురం వంతెన దగ్గరకు వెళ్ళాము. తొమ్మిదేళ్ళ తరువాత నదిని తలతిప్పి చూడడం అదే మొదలు.

వానాకాలపు అడయారు వేరు, వసంతకాలపు అడయారు వేరు. మార్చి నెలలో నీరు కదిలీ కదలనట్టుంటుంది. నిజం చెప్పాలంటే కంపు ఉన్నది; ఊరి మురుగంతా మోసే నదికి ఉండక ఏమవుతుంది? కాని తూర్పున సముద్రంవైపు ఎరుపెక్కుతుంటే, తెల్లకొంగలు బురదలో నిలబడి ఉంటే, అయిదారు పడవలు వరుసగా వచ్చాయి. తెడ్లన్నీ ఒక్కసారి లేచి, ఒక్కసారి మునిగి, మళ్ళీ లేచే చప్పుడు తప్ప మరొక చప్పుడు లేదు. ఒక పడవ చివర చిన్న పిల్ల ఒకతె సరంగులాగా కూర్చుని అరవంలో లెక్కపెడుతున్నది. తెడ్లువేసే నలుగురికీ ముందేమున్నదో కనబడదు. వాళ్ళు వెనక్కు తిరిగి కూర్చుంటారు. సరంగు మాట నమ్మి బలమంతా పెట్టడమే వాళ్ళ పని. ఎండ ముదిరేలోగా పడవలు తిరిగి వెళ్ళిపోయాయి.

ఇంటికి వచ్చి మా ఆవిడతో, "అంతా బాగానే ఉన్నది కాని, దానికి ఈత రాదు గదా! ఈత రానిదాన్ని ఎట్లా దింపుతారు?" అన్నాము. ఇది మా చివరి అభ్యంతరం, తిరుగులేనిది అనుకున్నాము.

ఆమె కాసేపు మాట్లాడలేదు. "దానికి ఈత వచ్చండీ" అన్నది తరువాత.

మేము తెల్లబోయాము. వరద తగ్గిన మరుసటి వేసవిలోనే, మేము ఆఫీసులో ఉండగా, పిల్లను బస్సులో మెరీనా ఈతకొలనుకు తీసుకుపోయి నేర్పించిందట. మూడు వేసవులు! "ఆ రాత్రి దాన్ని మీరు భుజానికెత్తుకున్నారు. రెండోసారి వస్తే మనం ఎత్తుకోగలమో లేదో అనుకున్నాను. మీతో చెబితే నీళ్ళంటేనే వద్దంటారని చెప్పలేదు" అన్నది. మా అమ్మకు తెలుసు. పక్కింటి అరవావిడకు తెలుసు. తెలియనిది మాకే.

కోపం రావలసిన చోట మాకు సిగ్గు వచ్చింది. మేము తొమ్మిదేళ్ళు నదివైపు చూడకుండా తిరగడమే జాగ్రత్త అనుకున్నాము. ఆమె పిల్లకు ఈత నేర్పించడం జాగ్రత్త అనుకున్నది. ఇద్దరిలో వరదనుంచి పాఠం నేర్చుకున్నది ఎవరో పాఠకులే చెప్పాలి.

ఆ మార్చి 30, ఆదివారం, విశ్వావసు ఉగాది. వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం, మామిడి ముక్కలు కలిపి అమ్మ పచ్చడి పెట్టింది. పచ్చడి తిన్న తరువాత పంచాంగం విప్పవలసి వచ్చింది గదా, అందులోనుంచి కాగితం జారి కింద పడింది. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ మావైపే చూస్తున్నారు. పెన్సిలు ఇంటూ గుర్తు మీద సంతకం పెట్టాము. అలవాటు చొప్పున కింద తేదీ కూడా వేశాము. మా అమ్మాయి కాగితం తీసుకుని సంతకాన్ని పరీక్షగా చూసి, "సరిగ్గానే ఉంది" అన్నది, అచ్చం మా ఆఫీసరులాగా.

ఏప్రిల్ చివర ఒక ఉదయం మళ్ళీ కొట్టూరుపురం వంతెనమీద నిలబడ్డాము. ఈసారి మా ఆవిడ, మా అమ్మ కూడా వచ్చారు. నలుగురు పిల్లలున్న పడవ వంతెన దాకా వచ్చి తిరిగింది. రెండో పీటమీద మా అమ్మాయి. తిరుగుతుండగా దాని తెడ్డు నీళ్ళలో చిక్కుకుని పడవ ఒక పక్కకు ఒరిగింది. మా ఆవిడ మా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అరుద్దామన్నా గొంతు రాలేదు. సరంగు పిల్ల ఏదో కేక వేసింది, తెడ్డు బయటికి వచ్చింది, పడవ నిలదొక్కుకున్నది. మళ్ళీ లెక్క మొదలయింది.

పడవ తూర్పుగా, సముద్రంవైపు సాగిపోయింది. ముందే చెప్పాము గదా, తెడ్లు వేసేవాళ్ళు వెనక్కు తిరిగి కూర్చుంటారని. అందువల్ల పడవ దూరమవుతున్నకొద్దీ మా అమ్మాయి ముఖం మావైపే ఉన్నది. చెయ్యి ఊపడానికి వీలులేదు, రెండు చేతులా తెడ్డు. చూస్తూ వెళ్ళింది, అంతే. మలుపు తిరిగేదాకా మేమూ చూస్తూ నిలబడ్డాము.

1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు వెళ్ళినవారు వెళ్ళారు, మన కుటుంబాలు ఇక్కడే నిలిచిపోయాయి. పిల్లలను ఏదో ఒక రేవునుంచి పంపడం మనకు కొత్త కాదు. బొంబాయికి పంపాము, అమెరికాకు పంపాము. ఇంటిముందరి ఏటిలోకి పంపడానికే మాకింత సేపు పట్టింది. మీ ఇంటికి ఇటువంటి కాగితం వస్తే మేము చెప్పదగిన సలహా ఒక్కటే. సంతకం సంగతి తరువాత చూడవచ్చు. ముందుగా పిల్లలకు ఈత నేర్పించండి. మీకు చెప్పకుండా మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే నేర్పించి ఉంటే, కోప్పడకండి.