ఎడింబరో చలియు, గొట్టములలోని గాలియు

మొన్నటి డిసెంబరు నెలలో మా అమ్మాయి పురిటికై మేము స్కాట్లండునందలి ఎడింబరో నగరమున నుంటిమి. అక్కడ ఆ దినములలో సాయంకాలము నాలుగు గంటలు కాకమునుపే సూర్యుడస్తమించును. వారి కాపురము పాత ఇసుకరాతి మేడలో మూడవ అంతస్తున, అందరికిని మెట్లొక్కటే. సమీపమున ఆర్థర్స్ సీట్ అను కొండ యున్నది. అది చల్లారి దాదాపు 34 కోట్ల యేండ్లయిన అగ్నిపర్వతము. మాకు మాత్రము నిప్పుమీదనే ధ్యాస!

అచ్చటి పురిటిగదిలో కుంపటి యుండదు. వంటయింటి గోడకున్న బాయిలరు నీరు కాచును. పంపు దానిని గొట్టములగుండ గదిగదికిని గల రేడియేటరను ఇనుపపలకలోనికి త్రోయును.

పదియవనాటి రాత్రి బిడ్డ గది చల్లబడెను. పలక అడుగున చేయి కాలుచున్నది. పైభాగము మంచువలె నున్నది. లోపల గుడగుడ చప్పుడు. అల్లుడుగారు ఊరలేరు. "అమ్మా, దీని చేతులు చల్లబడుచున్నవే" యని అమ్మాయి కంటతడి పెట్టెను.

క్రింది అంతస్తులోని వృద్ధురాలిని పిలిచితిమి. ఆమె బొటనవ్రేలంత యిత్తడి తాళపుచెవితో వచ్చెను. చెంబును బోర్లించి చెరువులో ముంచినచో లోని గాలి నీటిని పైకి రానీయదు గదా! ఇదియు నట్టిదే. మొదట బాయిలరు నార్పి, పలక చల్లారనీయవలెను. ఆమె మాట ముగియకమునుపే మేము తొందరపడి మర త్రిప్పితిమి. గాలి వెనుకనే వేడినీరు చింది మణికట్టు కాలినది. వెంటనే బిగించి కూర్చుంటిమి. ఆ అరగంట యొక యుగమైనది.

పలక పైమూలనున్న మరను ఎడమకు పావుచుట్టు త్రిప్పిన చాలును, పూర్తిగా విప్పరాదు. క్రింద పాతగుడ్డ పట్టవలెను, ఆ నీరు మసివలె నల్లనిది. బుస్సుమని గాలి పోయి, నీటిధార రాగానే బిగింపవలెను. అప్పుడు నిప్పు దగ్గరకు తేరాదు. లోపలి తుప్పువలన మండెడు వాయువు పుట్టియుండవచ్చును.

ఇంతయు చేసినను బాయిలరు వెలుగలేదు! మా గుండె జారెను. వృద్ధురాలు దాని ముల్లు చూపెను. గాలి పోయినకొలది లోని ఒత్తిడి తగ్గును. చల్లగా నున్నపుడు సాధారణముగా ముల్లు 1కిని 1.5 బార్‌కును నడుమ నుండవలయును. అడుగున నున్న నీటిమరను మెల్లగ త్రిప్పి, ముల్లు తగినచోటికి రాగానే కట్టివేసితిమి. అది మాటిమాటికిని పడిపోవుచున్నచో ఎక్కడనో నీరు కారుచున్నదేమో యని పనివానిని పిలువవలెను. బాయిలరు మూత మనము తెరువరాదు.

అమెరికాకు పురుళ్లకై పోవు సోదరీమణులకు ఈ తాళపుచెవితో పని తక్కువ. అచ్చట పెక్కుయిండ్లలో వేడిగాలియే గొట్టములలో వచ్చును.

తెల్లవారుజామున పలక పైయంచు తాకితిమి, వెచ్చగా నుండెను. పసిది రెండు చేతులును దుప్పటి వెలుపల పెట్టి నిద్రించుచుండెను. వృద్ధురాలి తాళపుచెవి మా కొంగుముడిలోనే యుండిపోయెను.