పదునాఱు మెట్లు

మన యిండ్లలో ఆడుపిల్లకు సంగీతము నేర్పించుట పెండ్లిచూపుల వఱకే. వరుని వారు రెండు కీర్తనలు విని తలయూపినంతనే వీణ మూలకు చేరును, ఆమె వంటయింటికి చేరును. నా సహధర్మచారిణి యీ విధముననే పదునెనిమిది సంవత్సరములు పాట మానినది. ఎవరును వలదనలేదు; ఎవరును ఒక గంట తీఱిక యియ్యలేదు. ఆమెకు తీఱిన గంటకు గురువును మృదంగమును సమకూర్చుట మఱింత దుర్లభము. వశిష్ఠగోదావరి సముద్రమున గలియు మా అంతర్వేదిలో, తాళమునకు మనిషి కావలెనన్న సఖినేటిపల్లి రేవున పంటు నెక్కి నరసాపురము పోవలసి వచ్చెడిది.

గడచిన యేడు మేమొక చిన్న సింథసైజరు కొంటిమి. జపానుదేశపు కోర్గు సంస్థవారు 2013లో వెలువరించిన వోల్కా జాతిలోనిది. పుస్తకమంత పెట్టె, ఉపాధ్యాయుని జీతమున కందు వెల. ఆఱు చిన్న బ్యాటరీలతో పలుకును గనుక గాలివానకు కరెంటు పోయినను చింతలేదు.

అందు సీక్వెన్సరను అమరిక గలదు. దానికి పదునాఱు మెట్లు. వీణ మెట్లవంటివి కావు, కాలపు మెట్లు. ఒక్కొక్క మెట్టున ఒక్కొక్క స్వరమును తీఱికగా నిలిపి, పిదప వలసిన కాలమున నడిపించినచో అది మరల మరల తిరుగుచుండును. ఆదితాళమున కెనిమిది యక్షరములు. అక్షరమునకు రెండు మెట్లు చొప్పున లెక్క సరిపోయినది. మఱి మిశ్రచాపునకో? ఏడక్షరములకు పదునాలుగే చాలును. కడపటి రెండింటిని దాటిపొమ్మని యంత్రమునకు చెప్పవచ్చునని ఆమెయే కనుగొన్నది. ఖండచాపునకు పదింటిని మాత్రమే యుంచును. అన్నము వార్చుటకు ముందు నాలుగు స్వరములు, పిల్లలు బడికి వెళ్ళిన పిదప నాలుగు, భద్రపఱచుకొనుచు పోవును. యంత్రము విసుగుకొనదు, పంటుకు వేళయైనదని లేవదు.

మా బంధువులలో నొక పెద్దాయన విని, “ఇది సంగీతమేనా తల్లీ? గానుగ తిరిగినట్టుందే!” అన్నారు.

“గానుగైతేనేం బాబాయిగారూ, నూనె వస్తోంది కదా” అన్నది ఆమె.

ఆయన యాక్షేపణలో సత్యము లేకపోలేదు. స్థాయిని పండ్రెండు సమభాగములుగా కోసిన మీటలివి. తోడి గాంధారపు కంపితము వీనికి పట్టుబడదు. మోహనమైన చెవికి హితముగా నున్నది. ఇట్టి యాక్షేపణతోనే ఆకాశవాణివారు 1940లో హార్మోనియమును వెలివేసి 1971 వఱకు నిషేధమును సడలింపలేదు. మన రంగస్థలమున పద్యములు మాత్రము దానితోనే సాగినవి. ఫిడేలు పరదేశపుదే, ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో దానిని పరదేశి యనువారెవరు? 1982లో బొంబాయి వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్, రోలండువారి టీబీ-303 అను నిట్టి పదునాఱు మెట్ల పెట్టెను తోడుగా గొని, డిస్కో తాళముపై పది రాగములు వాయించి గ్రామఫోను రికార్డు వెలువరించెను. అది నాడంతగా అమ్ముడుపోలేదు. 2010లో మరల వెలువడిన పిదప పశ్చిమదేశములవారు విని విస్తుపోయిరి. స్వరమునుండి స్వరమునకు జాఱు సౌకర్యము ఆ పెట్టెలో గలదు, మా పెట్టెలోను గలదు. మన జారు గమకమునకు అది దూరపు చుట్టము.

ఇప్పుడామె మిశ్రచాపున తనదైన యొక పల్లవి కూర్చుచున్నది. ఏడవ యక్షరమున స్వరము నిలుపవలెనా, మౌనముంచవలెనా యని నిన్న రాత్రి నన్నడిగినది. మౌనమే మేలంటిని. ఆమె యొప్పుకొనలేదు.