మేల్కొనని యంత్రము – దోషాన్వేషణ క్రమము

ఒక వస్తువు పలుకనంత మాత్రమున అది నశించినదని నిశ్చయించుట తొందరపాటు. తర్కము అభ్యసించు బాలునికి తొలినాళ్లలోనే అన్వయవ్యతిరేకములు నేర్పుదురు. ఒకటి ఉన్నచో రెండవది ఉండుట అన్వయము. ఒకటి లేనిచో రెండవది లేకుండుట వ్యతిరేకము. పొగను చూచి నిప్పును ఊహించుటకే ఇవి పరిమితములు కావు. చెడిన కంప్యూటరు ముందు కూర్చున్నవారికి సైతము ఇవే దారి చూపును.

ఒక కార్యాలయము పాతదని పారవేసిన డెస్క్‌టాప్ కంప్యూటరు ఒక ఆటో డ్రైవరు ఇంటికి చేరినది. ఆయన కుమార్తె డిప్లొమా చదువుచున్నది. ఇంట అభ్యాసము చేసికొనుటకు వేరొక సాధనము లేదు, కొనుటకు శక్తి లేదు. బటను నొక్కిరి. దీపము వెలుగలేదు, ఫ్యాను తిరుగలేదు. మరమ్మతు దుకాణదారుడు మూత విప్పకయే "బోర్డు పోయింది" అనెను. పాతసామాను వానికి ఇచ్చివేయుదమని తండ్రి అనగా, "ఒక్క రోజు ఆగు నాన్నా, చూస్తాను" అని ఆ బాలిక గడువు కోరినది.

పరీక్ష బయటనుండి లోపలికి సాగవలెను. మానిటరుకు పెట్టు కరెంటు వైరు కంప్యూటరుకు కూడ సరిపోవును. మానిటరును వెలిగించిన వైరునే తెచ్చి పెట్టినను యంత్రము కదలలేదు. కనుక దోషము వైరులో లేదు. వెనుకనున్న స్విచ్చి వేసియే ఉన్నది. దాని ప్రక్కనున్న ఎర్రని చిన్న మీట 230 వద్దనే ఉన్నది. అది 115 వద్ద ఉండగా మన దేశపు కరెంటు ఇచ్చినచో పవర్ సప్లయి కాలిపోవును.

పిమ్మట ప్రక్కమూత తీసి చూడగా, మదర్‌బోర్డుపై ఒక చిన్న ఆకుపచ్చ దీపము వెలుగుచున్నది. ఇది సామాన్య విషయము కాదు. 1995లో వచ్చిన ఏటీఎక్స్ పద్ధతి ననుసరించు యంత్రములలో, ప్లగ్గు పెట్టియున్నంతసేపు పవర్ సప్లయి పూర్తిగా నిద్రింపదు. 5 వోల్టులు బోర్డునకు సదా అందుచుండును. ముందున్న బటను కరెంటును తెరచునది కాదు. అది రెండు పిన్నులను క్షణకాలము కలిపి బోర్డునకు విన్నవించును; బోర్డు పవర్ సప్లయిని ఆజ్ఞాపించును; అప్పుడు సర్వము మేల్కొనును. దీపము వెలుగుచున్నదనగా ఆ 5 వోల్టులు చేరుచున్నవి. ఇక సందేహము ఆజ్ఞకు, విన్నపమునకు మిగిలినది.

ఆ బాలిక ప్లగ్గు తీసి, బటను వైరును పిన్నులనుండి విడదీసినది. మరల ప్లగ్గు పెట్టి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవరు కొనతో ఒక్క క్షణము తాకించినది. అక్కడ ఉండునది అల్ప వోల్టేజి మాత్రమే. ఫ్యాను తిరిగినది, తెర వెలిగినది! పిన్నులు కలిసినచో మేల్కొనుచున్నది, బటను నొక్కినచో మేల్కొనుట లేదు. కనుక దోషము బటనులోనే. రీసెట్ బటను వైరును తెచ్చి ఆ పిన్నులకు తగిలించినది. ఒక్క పైసా వ్యయము కాలేదు.

ప్రతి యంత్రము ఇట్లు లేవదు. దీపమే వెలుగనిచో సందేహము పవర్ సప్లయి మీదికి పోవును. బోర్డుపై కెపాసిటర్ల తలలు ఉబ్బియున్నచో అక్కడికి పోవును. అయితే ఒక నిషేధము కలదు. పవర్ సప్లయి పెట్టెను మాత్రము విప్పరాదు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు మించిన విద్యుత్తు, ప్లగ్గు తీసిన తరువాత కూడ కొంతసేపు నిలిచియుండును. మంచిదని తెలిసిన మరియొక పవర్ సప్లయిని తగిలించి చూచుటయే క్షేమము. ఎంతవరకు చేయి పెట్టవచ్చునో ఎరుగుట కూడ వివేకములో భాగమే.

ఒకమారు ఒక్కదానినే మార్చవలెను. రెండింటిని ఒకేసారి మార్చగా యంత్రము లేచినను, కారణమేదో తెలియదు. పని అగును గాని జ్ఞానము కలుగదు. ఆ దుకాణదారుడు అబద్ధమాడలేదు. హేతువు లేకయే నిశ్చయము చెప్పినాడు. ఆ బాలిక కోరిన ఒక్క దినము హేతువును వెదకుటకే.