ఓటరు కార్డుతో పొరుగు దేశానికి

వేసవి సెలవులు దగ్గర పడేసరికి మన సంఘ కుటుంబాల్లో ఈ మధ్య ఒక కొత్త పేచీ వినవస్తున్నది. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలు "మా క్లాసులో వాళ్ళు దుబాయి వెళ్ళొచ్చారు, సింగపూరు వెళ్ళొచ్చారు, మనమెప్పుడు వెళతాం?" అని అడుగుతారు. తండ్రి కసురుకుంటాడు, తల్లి నచ్చజెబుతుంది. కొందరు మాత్రం బిడ్డ మనసు నొప్పించలేక చీటీ పాడో, మెడలో గొలుసు తాకట్టు పెట్టో టూరు ఏజెంటు చేతిలో డబ్బు పోస్తారు. నాలుగు రోజుల ప్రయాణానికి రెండేళ్ళు వాయిదాలు కట్టిన కుటుంబాన్ని నేనెరుగుదును. అది విహారం కాదు, మెడకు కట్టుకున్న తిరుగటి రాయి.

అలాగని పిల్లవాని కోరికలో తప్పు లేదు. లూకా సువార్త రెండవ అధ్యాయము చూడండి. నజరేతులోని ఆ వడ్రంగి కుటుంబము కలిగినది కాదు. ఆలయములో అర్పణగా పక్షులను ఇచ్చుకొన్న ఇల్లు అది. అయినను యేటేట పస్కా పండుగకు యెరూషలేము ప్రయాణము మానలేదు. పన్నెండేళ్ళ కుమారుని కూడా తీసుకొని వెళ్ళారు. బంధువులతో, ఇరుగుపొరుగుతో కలిసి వెళ్ళారు. వారి ప్రయాణము వారి చేతిలోని డబ్బుకు తగ్గట్టే ఉన్నది.

విమానమెక్కకుండా, పాస్‌పోర్టు లేకుండా, అప్పు చేయకుండా మనం వెళ్ళగల పరాయి దేశం ఒకటున్నది. అది నేపాల్. భూటాన్‌కు కూడా ఓటరు కార్డుతో వెళ్ళవచ్చు గాని, అక్కడి ప్రభుత్వం భారతీయుల వద్ద రాత్రికి పెద్దవారికి 1,200 రూపాయలు, ఆరు నుండి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 600 రూపాయలు రుసుము తీసుకొంటుంది. మా వంటి నలుగురి కుటుంబానికి తిండి, గది కాక రాత్రికి 4,200! ఆ లెక్క మా అబ్బాయే వేసి, కాగితం మడిచి పక్కన పెట్టాడు.

2024 మే 13న మన ఎన్నికల్లో ఓటు వేసి, ఆ ఓటరు కార్డులే జేబులో పెట్టుకొని రెండు రోజుల తరువాత బయలుదేరాము. నేను, నా భార్య, పదో తరగతి పూర్తి చేసిన పదహారేళ్ళ అబ్బాయి, పదకొండేళ్ళ అమ్మాయి. విజయవాడ, వరంగల్ మీదుగా గోరఖ్‌పూర్ వెళ్ళే రాప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్ ఉన్నది. సికింద్రాబాద్ వైపు నుండి కూడా వారానికొకసారి నడిచే బండ్లున్నాయి. స్లీపరు టికెట్టు మనిషికి వెయ్యి రూపాయల లోపే. సుమారు ఒకటిన్నర రోజు పడుతుంది. పులిహోర, రొట్టెలు, ఊరగాయ కట్టుకొని పోతే దారిలో ఖర్చు లేదు. మే నెలలో నాగపూర్ దాటినాక ఆ స్లీపరు డబ్బాలో వేడి గురించి చెప్పను; తడి తువాళ్ళు తీసుకొని వెళ్ళండి.

గోరఖ్‌పూర్ నుండి సరిహద్దులోని సునౌలికి బస్సులో సుమారు 100 కిలోమీటర్లు. అక్కడ ఒక కమాను కింద నడిచి అవతలికి పోవడమే. గడియారం 15 నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి. అక్కడి క్యాలెండరు విక్రమ శకం, మనకంటే సుమారు 57 ఏళ్ళు ముందున్నది. మా అమ్మాయి దుకాణంలో క్యాలెండరు చూసి "మనం ముసలివాళ్ళమైపోయాం డాడీ" అని నవ్వింది. మా అబ్బాయి నవ్వలేదు. రైలెక్కినది మొదలు వాడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీయనే లేదు.

వాడికి నేను ఉపదేశం చేయలేదు, డబ్బు సంచి ఇచ్చాను. మన 100 రూపాయలు అక్కడ 160 నేపాలీ రూపాయలు. ఈ మారకం 1993 నుండి మారలేదు. 250 రూపాయల భోజనమంటే మన లెక్కలో 156. ప్రతి బేరం దగ్గర వాడే గుణించి చెప్పాలి, రాత్రి పుస్తకంలో రాయాలి. రెండో రోజుకే నా మీద అధికారి అయ్యాడు. "డాడీ, ఇవాళ మీకిది మూడో టీ" అని లెక్క చెప్పేవాడు. మొత్తం పన్నెండు రోజులకు రైలు ఛార్జీలతో కలిపి ముప్పై ఐదు వేలు దాటలేదంటే కారణం వాడే. నోట్ల సంగతి ఒకటి గుర్తుంచుకోండి. 2018 చివరిలో నేపాల్ ప్రభుత్వం 100 రూపాయలకు మించిన భారత నోట్లు చెల్లవన్నది. ఆ నియమాలు తరువాత మారుతూ వస్తున్నాయి గనుక, అందరూ తీసుకొనే వంద నోట్లనే ఎక్కువగా ఉంచుకోవడం క్షేమం.

సునౌలికి కొద్ది కిలోమీటర్ల ఇవతల నౌతన్‌వా అనే చిన్న ఊరున్నది. మన విశ్వాసులు అక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 1951 వరకు నేపాల్ తలుపులు సువార్తకు మూసి ఉండేవి. ఆ కాలంలో డాక్టర్ లిల్లీ ఓహన్లన్, హిల్డా స్టీల్ అనే ఇద్దరు స్త్రీలు నౌతన్‌వాలో చిన్న వైద్యశాల నడుపుతూ, కొండలు దిగివచ్చే నేపాలీ రోగులకు సేవ చేస్తూ, ఏళ్ళ తరబడి తలుపు తెరుచుకొనే దాకా కనిపెట్టుకొని ఉన్నారు. 1952 నవంబరులో అనుమతి వచ్చాక, కొద్దిమంది తోటి సేవకులతో, నేపాలీ విశ్వాసులతో కలిసి కొండదారిన నడిచి పోఖరా చేరారు. మనం బస్సులో ఒక పగటిపూట పోయే దారి అది. వారు పోఖరాలో కట్టిన అల్యూమినియం రేకుల ఆసుపత్రి ఎండకు మెరుస్తుంటే జనం దానికి మెరిసే ఆసుపత్రి అని పేరు పెట్టారు.

లుంబిని భైరహవాకు దగ్గరే. బుద్ధుడు పుట్టిన చోటు, అశోకుని శిలాస్తంభము పూట పనిలో చూడవచ్చు. అమరావతి, నాగార్జునకొండ చూసిన పిల్లలకు పాఠ్యపుస్తకం కళ్ళకు కడుతుంది. ఎండ మాత్రం మన పల్నాటి ఎండే.

అక్కడి నుండి కొండలెక్కే బస్సులో తాన్‌సేన్ వెళ్ళాము. మా ముందు సీట్లో ఒక నేపాలీ యువకుడు మా మాటలు విని వెనక్కి తిరిగి "బాగున్నారా అండీ" అన్నాడు! కువైటులో మన గోదావరి జిల్లాల వారితో ఒకే గదిలో ఆరేళ్ళున్నాడట. అతనికి వచ్చిన తెలుగంతా తిండికి, జీతానికి సంబంధించినదే. మా అబ్బాయి ఇయర్‌ఫోన్లు తీసింది అప్పుడే. వారిద్దరూ ఒకరి భాష ఒకరికి సరిగా రాకుండానే రెండు గంటలు మాట్లాడుకున్నారు.

తాన్‌సేన్ చల్లని పాత ఊరు. ఢాకా టోపీల నేతకు పేరు పొందినది. ఇక్కడి మిషను ఆసుపత్రి కథ విచిత్రమైనది. మస్సూరీలోని వుడ్‌స్టాక్ స్కూల్లో పనిచేసే రాబర్ట్ ఫ్లెమింగ్ అనే మిషనరీకి పక్షులంటే ప్రాణం. పక్షుల కోసమే 1949లో నేపాల్ వచ్చారు. తరువాతి యాత్రలో వైద్యులు కూడా వెంట ఉండి రోగులను చూశారు. జనం విడిచిపెట్టలేదు. 1953లో ప్రభుత్వం అనుమతించింది, 1954లో యునైటెడ్ మిషన్ టు నేపాల్ ఏర్పడింది. మత ప్రచారం చేయకూడదన్న షరతుకు వారు లోబడ్డారు. అందుచేత సంఘాన్ని కట్టినవారు ముఖ్యంగా నేపాలీలే. అంతకు చాలా ముందే, 1914లో, డార్జిలింగులో గంగాప్రసాద్ ప్రధాన్ చేసిన శ్రమతో నేపాలీ బైబిలు అచ్చయింది.

పోఖరాలో ఒక నిజం చెప్పాలి. మన సెలవులు మేలో, జూన్ మొదట్లో. అప్పుడు పొగమంచు, ధూళి కలిసి హిమాలయాలను కప్పేస్తాయి. ఫోటోల్లో చూసినట్టు రోజంతా కనబడవు. మేము ఐదు రోజులుంటే రెండు ఉదయాలు, అదీ వానపడి వెలిసిన మరునాడు, తెల్లవారుజామున మచ్ఛపుచ్ఛ్రే శిఖరం కనబడింది. 6,993 మీటర్లు. స్థానికులకు పవిత్రమని దాన్ని ఎక్కడానికి అనుమతి లేదు. ఏడు గంటలకల్లా మాయం. ఆ గంట కోసం పిల్లలను నాలుగున్నరకు లేపవలసిందే. మిగతా రోజంతా ఫేవా సరస్సులో పడవ, ఊరి నడుమ లోతైన ఇరుకు సందులో పారే సేతి నది. 1957లో మొదలైన గ్రీన్ పాశ్చర్స్ కుష్ఠు ఆసుపత్రి కూడా ఇక్కడే. పేరు 23వ కీర్తనను తలపిస్తుంది. డిచ్‌పల్లి, సాలూరు ఆసుపత్రుల సంగతి తెలిసిన మనవారికి ఇది దూరపు ఊరిలా అనిపించదు.

అక్కడ వారపు సెలవు శనివారం గనుక సంఘాలు ఎక్కువగా శనివారమే కూడుకొంటాయి. ఒక చిన్న మందిరానికి వెళ్ళాము. చెప్పులు బయట విడిచి, ఒకవైపు పురుషులు, ఒకవైపు స్త్రీలు చాపల మీద కూర్చోవడం మన పల్లె మందిరంలాగే ఉన్నది. "జయ మసీహ్" అని ఒకరినొకరు పలకరించుకొన్నారు. మాదల్ అనే డోలు, గిటారు కలిపి పాడుతుంటే మా అబ్బాయికి ప్రాణం లేచి వచ్చింది. ఫోను తీసి వీడియో పట్టసాగాడు. స్నేహితులకు పంపాలని.

ఆరాధన అయ్యాక ఒక సంఘ పెద్ద వాడి పక్కన వచ్చి కూర్చొని, హిందీలో మెల్లగా చెప్పారు. "బాబూ, పాటలు పాడటం మా దేశంలో నేరం కాదు. మతం మార్పించడం నేరం. ఈ వీడియోలో క్రైస్తవేతరుల పిల్లలు కూడా ఉన్నారు. ఎవరైనా చూసి ఫిర్యాదు చేస్తే, మీరు ఊరెళ్ళిపోతారు. పోలీసులు వచ్చేది మా గుమ్మానికి." మా వాడు ఒక్క మాట మాట్లాడలేదు. వీడియో తుడిచివేసి, ఆ పెద్దాయనకు ఫోను చూపించాడు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. 1990 వరకు మతం మారినందుకు జైలు ఉండేది. 2015 రాజ్యాంగపు 26వ అధికరణము ఇతరుల మతం మార్పించడాన్ని నిషేధించింది. 2017 నాటి శిక్షాస్మృతి ప్రకారం ఐదేళ్ళ దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా. విదేశీయులను శిక్ష తరువాత దేశం నుండి పంపివేస్తారు. కాబట్టి మన భక్తి ఎంత గొప్పదైనా, కరపత్రాలు సంచిలో వేసుకొని వెళ్ళకండి. మన ఉత్సాహానికి వెల చెల్లించేది వారు. 2021 జనాభా లెక్కల్లో అక్కడి క్రైస్తవులు 1.76 శాతం, ఐదు లక్షల పైచిలుకు.

ఆ రాత్రి లెక్కల పుస్తకం మూసి మా అబ్బాయి అడిగాడు: "డాడీ, మన దగ్గర కూడా ఇలాగే ఉంటే మీరు పాస్టరు అయ్యేవారా?" వాడి తల్లి నా ముఖం చూసింది. ఆ ప్రశ్న మీద మేమింకా మాట్లాడుకొంటూనే ఉన్నాము.

ఇక వెళ్ళదలచినవారికి కాగితాల మాట. రైలు టికెట్టు ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే దొరుకుతుంది. పెద్దవారికి ఓటరు కార్డు గాని పాస్‌పోర్టు గాని కావాలి, ఆధార్ ఒక్కటే చాలదు. పదిహేనేళ్ళలోపు పిల్లలకు, అరవై ఐదేళ్ళు దాటినవారికి ఆధార్ చాలు. పదిహేను నుండి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు స్కూలు ప్రిన్సిపాలు నిర్ణీత నమూనాలో ఇచ్చే గుర్తింపు పత్రం ఉండాలి. కుటుంబమంతా ఒకటేనని చూపడానికి రేషన్ కార్డు ఉంచుకోండి. సరిహద్దులో మమ్మల్ని ఎవరూ అడగలేదు గాని, అడిగితే లేదనడానికి అది చోటు కాదు. ఆ ప్రిన్సిపాలు సంతకం మాత్రం ఏప్రిల్‌లో బడి మూయకముందే తీసుకోండి. సెలవులిచ్చాక ప్రిన్సిపాలుగారు కూడా ఊరెళ్ళిపోతారు.