బ్రిడ్జెట్ డైరీ, మా గది లెక్కలు

పోస్ట్ కొంచెం పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

ఒక నవ్వుల పుస్తకం గురించి రాస్తున్నా. పేరు 'బ్రిడ్జెట్ జోన్స్ డైరీ'. రాసినావిడ హెలెన్ ఫీల్డింగ్, ఇంగ్లండ్ ఆమె. 1995లో 'ది ఇండిపెండెంట్' అనే పేపర్ వాళ్ళు, లండన్‌లో పెళ్ళి లేకుండా బతికే ఆడమనిషిగా నీ సంగతులు వారం వారం రాయమని ఆమెను అడిగారు. సొంత సంగతులు బయట పెట్టుకోవడం ఇష్టం లేక, బ్రిడ్జెట్ అనే మనిషిని కల్పించి ఆమె డైరీలాగా రాసింది. 1996లో అది నవలగా వచ్చింది, 2001లో సినిమా అయింది.

బ్రిడ్జెట్‌కి ముప్పై దాటాయి. పుస్తకాలు వేసే ఆఫీసులో ఉద్యోగం. డైరీలో ప్రతి రోజూ ముందు లెక్కలు రాసుకుంటది: ఈ రోజు బరువు ఎంత, మందు ఎంత, సిగరెట్లు ఎన్ని, తిన్న క్యాలరీలు ఎన్ని. జనవరి 1న బోలెడు తీర్మానాలు చేసుకుని దాదాపు అన్నీ తప్పుతది. బాస్‌ని ప్రేమించి దెబ్బ తింటది. ఏ విందుకెళ్ళినా చుట్టాలు 'ఇంకా ఎవరూ దొరకలేదా' అని అడుగుతారు. కథ దారి 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నుంచి తీసుకున్నదే. అంటే దాదాపు 200 ఏళ్ళయినా అక్కడ కూడా అమ్మల దిగులు మారలేదన్నమాట.

ఈ పుస్తకం మీద చదివినవాళ్ళు రెండుగా చీలిపోయారు. ఒక వైపు 'ఇది నేనే' అన్న ఆడవాళ్ళు. పేపర్లో వచ్చేటప్పుడు బ్రిడ్జెట్ నిజంగా ఉన్న మనిషే అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇంకో వైపు కోపం వచ్చినవాళ్ళు. ఇంత పోరాడి హక్కులు తెచ్చుకున్నాక, ఆడదాన్ని బరువు గురించి, మగాడి ఫోన్ గురించి ఏడ్చేదానిలా చూపిస్తారా అని వాళ్ళ బాధ. 1998లో అమెరికా 'టైమ్' పత్రిక స్త్రీవాదం చచ్చిపోయిందా అని అట్ట మీదే అడిగి, లోపల బ్రిడ్జెట్‌ని కూడా లాగింది. 2001లో డోరిస్ లెస్సింగ్, బెరిల్ బైన్‌బ్రిడ్జ్ లాంటి పెద్ద రచయిత్రులు ఇట్లాంటి నవలలన్నీ తేలిక సరుకని తీసిపారేశారు. లెస్సింగ్‌కి తర్వాత 2007లో నోబెల్ వచ్చింది. అంత పెద్దావిడ మాట.

ఇప్పుడు మా గది సంగతి. కొన్నేళ్ళ కింద, డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. చర్ల వైపు నుంచి కోయ అక్క, 29 ఏళ్ళు. మానుకోట దగ్గర తండా నుంచి ఒకామె, 27. ఉట్నూరు దిక్కు గోండు చెల్లి, అందరికంటే చిన్నది. నాలుగో దాన్ని నేను. పాత పుస్తకాల్లో ఈ నవల దొరికితే రాత్రిళ్ళు కరెంట్ అఫైర్స్ అయ్యాక నేను ఇంగ్లీషులో చూసుకుంటూ తెలుగులో చెప్పేదాన్ని. బ్రిడ్జెట్ డైరీలో 'నేను' అనే మాట చాలాసార్లు వదిలేస్తది. ఇంగ్లీషులో అది వింత. మన భాషలో మామూలే కదా: లేచా, తిన్నా, ఏడ్చా. అందుకే తెలుగులో చెప్తుంటే పక్క గది మనిషి మాట్లాడినట్టే ఉండేది.

ఒక విందుకి ఆమె సూప్ వండుతది. కూరకి కట్టిన నీలం దారం రంగు దిగి సూప్ అంతా నీలంగా అవుతది. తండా ఆమె నవ్వి నవ్వి మంచం మీద నుంచి జారింది. చుట్టాల ప్రశ్నలు వచ్చినప్పుడు మాత్రం నవ్వు ఆపి తన సంగతి చెప్పింది. తీజ్ పండక్కి పెళ్ళి కాని పిల్లలే కదా తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచేది. 'పదిహేనేళ్ళ పిల్లల మధ్య నేనొక్కదాన్నే టీచరమ్మలాగా బుట్ట పట్టుకుని నిలబడతా. ఈసారి కూడానా అని ముసలమ్మలు అడుగుతారు. బ్రిడ్జెట్‌కి బుట్ట లేదు, అదృష్టవంతురాలు' అన్నది.

గోండు చెల్లికి అసలు నచ్చలేదు. 'ఏందక్కా, గామెకు సొంత ఫ్లాటుంది, నెలకు జీతమొస్తది. ఇంక ఏడుపు దేనికి?' అని అడిగింది. బరువు లెక్క మీద ఇంకా మండింది. చిన్నప్పటి నుంచి హాస్టల్లో మనకి ఐరన్ మాత్రలు మింగించారు, డాక్టర్ వచ్చినప్పుడల్లా రక్తం తక్కువుంది, తిను అన్నారు. బ్రిడ్జెట్ అనుకున్న బరువుకి తగ్గి పార్టీకి వెళ్తే, స్నేహితులంతా నీరసంగా ఉన్నావేంటి అని అడుగుతారు. అది విన్నాకే చెల్లి మొదటిసారి నవ్వింది. 'గదే జెప్తున్న నేను సుత' అన్నది.

ఒకచోట మాత్రం ఎవరం నవ్వలేదు. బ్రిడ్జెట్ వాళ్ళమ్మ, ఒకాయన మాజీ భార్య జపాన్ ఆమె అని చెప్తూ ఆ జాతి మొత్తాన్ని ఒక్క మాటతో క్రూరులని తేల్చేస్తది. రచయిత్రి ఆ తల్లిని వెక్కిరించడానికే అది పెట్టింది, మాకు అర్థమైంది. కానీ 'మీవాళ్ళు అమాయకులు', 'మీవాళ్ళకి సీటు ఊరికే వస్తది' అనే మాటలు మనమూ నవ్వు ముఖాలతోనే వింటాం కదా. గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

కోయ అక్క ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున తన రఫ్ నోట్స్ మొదటి పేజీ చూపించింది.

చాయ్‌లు 5. చదివిన పేజీలు 11, అందులో 9 నిన్నటివే. అమ్మ ఫోన్లు 3, పెళ్ళి మాట 3. హిమోగ్లోబిన్ 9. నోటిఫికేషన్ 0.

ఆ రోజు నుంచి గదిలో నలుగురం రాశాం.

సంఘంలో పనిచేసే ఒక సీనియర్ అన్న ఈ సంగతి విని, 'జీవో 3 పోయి మనవాళ్ళు ఏడుస్తుంటే మీకు లండన్ అమ్మాయి కథలా? సంఘానికి పనికొచ్చేది చదవండమ్మా' అన్నాడు. అన్న మీద గౌరవం ఉంది. నిజంగా పోరాడే మనిషి. కానీ ఆ మాటకి జవాబు రాయాలని చాలా రోజులుగా ఉంది.

అన్నా, జీవో 3 గురించి అక్కకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2000లో వచ్చిన ఆ జీవోతో ఏజెన్సీ స్కూళ్ళలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్నారు. ఆ ధైర్యంతోనే వాళ్ళ నాన్న ఎకరం చేను కుదువ పెట్టి బీఈడీ చదివించాడు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేసింది. ఆ తీర్పు అక్క పెళ్ళి దాకా వచ్చింది. ఉద్యోగం వచ్చాకే పెళ్ళి అని కూర్చుంది, ఉద్యోగం దూరం జరిగింది, వయసు ఆగలేదు. మన పెద్దల కాలంలో మగపెళ్ళివాళ్ళే ఓలి ఇచ్చి పిల్లను తీసుకెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఉద్యోగమున్న మన పిల్లగాళ్ళే కట్నం అడుగుతున్నారు. 'నోటిఫికేషన్ 0' అనే ఆ ఒక్క లైన్లో ఇదంతా ఉంది. ధర్నాలో ఆమె నినాదం ఇస్తది, రాత్రి గదికొచ్చి జోకు వేస్తది. రెండు నోళ్ళూ ఆమెవే.

సర్కారు లెక్క కూడా చెప్తా. తెలంగాణలో 2017లో ఒంటరి మహిళల పింఛన్ పెట్టారు. పెళ్ళి కానివాళ్ళకయితే పల్లెలో 30 ఏళ్ళు, పట్నంలో 35 నిండాలి. అక్క ఆ రూలు చదివి, 'ఊళ్ళో ఉంటే వచ్చే ఏడాదే ఒంటరిదాన్ని అవుతా. హైదరాబాద్‌లో ఉంటే ఇంకో ఐదేళ్ళు టైముంది' అన్నది. ఆ రాత్రి ఆ మాటకి నవ్వినంత నేనెప్పుడూ నవ్వలేదు.

లండన్‌లో కోపం వచ్చినవాళ్ళ గురించి నాకు అనిపించేది ఇదీ. వాళ్ళు ఒక్క బ్రిడ్జెట్ నెత్తి మీద ఆడజాతి మొత్తాన్ని ఎక్కించారు. అయినా వాళ్ళకి నడిచిపోద్ది, ఎందుకంటే వాళ్ళ దగ్గర వేల పుస్తకాలున్నాయి. లెస్సింగే 1962లో 'ది గోల్డెన్ నోట్‌బుక్' రాసింది. బ్రిడ్జెట్ నచ్చకపోతే పక్క పుస్తకం తీసుకోవచ్చు. మన సంగతి అట్లా లేదు. కాలేజీలో క్లాసుకి ఒక్కతే ఉంటది మన పిల్ల. ఆమె ఫెయిలైతే తెగ ఫెయిలైనట్టు, ఆమె నవ్వులపాలైతే తెగ నవ్వులపాలైనట్టు. తెలుగు కథల్లో, సినిమాల్లో మనమ్మాయి కనపడితే అడవిలో అమాయకురాలు, లేకపోతే అన్యాయమైపోయిన మనిషి, లేకపోతే తుపాకీ పట్టిన వీరనారి. సూప్ పాడుచేసి, తీర్మానాలు తప్పి, తన మీద తనే జోకు వేసుకునే మామూలు మనిషిగా మనల్ని నేనెక్కడా చదవలేదు.

బయటివాళ్ళు మన మీద నవ్వితే అవమానం. మనమీద మనమే నవ్వుకుంటే ఆ కథ మన చేతిలో ఉన్నట్టు. చెల్లి అడిగిన ప్రశ్న కూడా పక్కన పెట్టొద్దు. ఫ్లాటూ జీతమూ ఉన్నామె బాధకీ మన బాధకీ తేడా ఉంది. అందుకే మన డైరీ మనమే రాయాలి. మొదటి లెక్క బరువు బదులు హిమోగ్లోబిన్ అయితే కానీ.

అక్క ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో చెప్తుంది, పరీక్షలూ రాస్తుంది. నోట్స్ మొదటి పేజీ లెక్కలు ఆపలేదు. ఇది రాస్తానంటే 'రాయి, పేరు మాత్రం వద్దు, చాయ్‌లు 5 అని అమ్మకి తెలిస్తే తిడతది' అన్నది.

చెల్లెళ్ళూ, అక్కలూ, మీ గది లెక్కలు కింద రాయండి. తమ్ముళ్ళూ అన్నలూ మీరూ రాయొచ్చు. కట్నం ఎంత అడుగుతున్నారో ఆ లెక్క కూడా వేయండి.